చెన్నైలో బీఎడ్ ఎలా చేయాలి?

మే నెల వచ్చిందంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. నెల్లూరు నుంచి, సూళ్లూరుపేట నుంచి, ఇక్కడే పెరంబూరు, కోడంబాక్కం నుంచి కూడా. అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడం, చెన్నైలో బీఎడ్‌కి ఎంట్రన్స్ ఎప్పుడు?" ఎంట్రన్స్ లేదు. ఎడ్‌సెట్ ఆంధ్ర, తెలంగాణల వ్యవహారం. తమిళనాడులో డిగ్రీ మార్కులు చూసి సీటిస్తారు.

ఈ ఒక్క మాటతో సగం ఫోన్లు తేలిపోతాయి. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను. నేను ఇక్కడ ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఏటా మా బడికి బీఎడ్ వాళ్లు ఇంటర్న్‌షిప్‌కి వస్తారు. వాళ్ల పాఠం వెనక బెంచీలో కూర్చుని చూసేదీ, వాళ్లు పాఠ్య పథకాలు రాసుకునే రికార్డు మీద సంతకం పెట్టేదీ నేనే. సీటు కోసం ఊరంతా వాకబు చేసినవాళ్లు ఇంటర్న్‌షిప్ గురించి ఒక్కరినైనా అడిగి రారు. చెడేదంతా అక్కడే చెడుతుంది. అందుకని మొదటి సంగతులు గబగబా చెప్పేస్తాను.

దగ్గర పెట్టుకోవలసినవి

పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, డిగ్రీ అన్ని సెమిస్టర్ల మార్కులు, ప్రొవిజనల్, టీసీ, ఆధార్, ఫొటోలు. వేరే రాష్ట్రపు యూనివర్సిటీ అయితే మైగ్రేషన్ సర్టిఫికెట్. ఇది మాత్రం సీటొచ్చాక చూద్దాంలే అనుకోకండి, ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఆంధ్రాలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఇక్కడి రిజర్వేషన్‌కి పనికిరాదు, ఓసీ కింద లెక్కేస్తారు. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలకు తమిళనాడు రెవెన్యూ వాళ్లిచ్చిన కమ్యూనిటీ సర్టిఫికెట్ ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

అర్హత

ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014లో పెట్టిన నిబంధనల ప్రకారం డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 శాతం మార్కులుండాలి. సైన్సు, లెక్కలు ప్రధానంగా బీఈ, బీటెక్ చేసినవాళ్లకు 55. తమిళనాడులో బీసీలకు 45, ఎంబీసీలకు (అత్యంత వెనుకబడిన వర్గాలు) 43, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతానికి సడలింపు ఉంది. చదువు పది, ప్లస్ టూ, డిగ్రీ అనే వరుసలోనే సాగి ఉండాలి. ప్లస్ టూ ఎగ్గొట్టి ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకు దారి మూసే ఉంది. కామర్స్, ఎకనామిక్స్ వాళ్లకు డిగ్రీ ఒక్కటీ చాలదు, పీజీ కావాలి.

మన వైపు ఎంపీసీ, బైపీసీ డిగ్రీలు చేసినవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. మీకు మూడు ప్రధాన సబ్జెక్టులుంటాయి. ఇక్కడ ఆ మూడింట్లో ఒక్కదాన్నే ఎంచుకుని ఆ సబ్జెక్టు సీటుకే దరఖాస్తు పెట్టాలి. ఏది ఖాళీగా ఉంటే అది తీసుకుందాం అనుకోవడం పొరపాటు. రేపు ఆంధ్రా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు వెళ్తే డిగ్రీలో ఆ సబ్జెక్టు ఉందా, బీఎడ్‌లో అదే మెథడాలజీ (బోధించడం నేర్చుకునే సబ్జెక్టు) ఉందా అని రెండూ చూస్తారు. లెక్కలు చెప్పాలని మనసులో ఉంచుకుని సీటు దొరికిందని ఫిజికల్ సైన్సులో చేరితే ఆ తర్వాత దిద్దుకోవడానికి ఏమీ ఉండదు.

కాలేజీ

ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల సీట్లు కౌన్సెలింగ్‌లో ఇస్తారు. సైదాపేటలోని ప్రభుత్వ శిక్షణ కాలేజీ ఐఏఎస్‌ఈ, ట్రిప్లికేన్ వైపు లేడీ విల్లింగ్డన్, రాయపేటలో మెస్టన్, అశోక్‌నగర్‌లో స్టెల్లా మటుటినా, వేపేరిలో సెయింట్ క్రిస్టఫర్స్ పేరున్నవి. లేడీ విల్లింగ్డన్, స్టెల్లా మటుటినా, సెయింట్ క్రిస్టఫర్స్ అమ్మాయిలకే. సైదాపేట కాలేజీ అంటే నాకు పక్షపాతం ఉంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరాక 1910లో ఎల్టీ అనే ఉపాధ్యాయ శిక్షణకు వెళ్లింది అక్కడికే. ఎంఏ చదివినాయనే పాఠం చెప్పడం నేర్చుకోవడానికి వెళ్లి కూర్చున్నారు. "నాకు సబ్జెక్టు వచ్చు, బీఎడ్ కాగితం కోసమే" అనేవాళ్లకు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

ప్రైవేటు కాలేజీ అయితే రెండు కాగితాలు చూపించమనండి. ఒకటి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు, రెండోది తమిళనాడు ఉపాధ్యాయ విద్యా విశ్వవిద్యాలయం అఫిలియేషన్. 2008 నుంచి ఈ రాష్ట్రంలో బీఎడ్ కాలేజీలు ఆ యూనివర్సిటీ కిందే ఉన్నాయి. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా ఎన్‌సీటీఈ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మీరే చూసుకోండి. "కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు" అని ఎవరైనా అన్నారంటే ఆ గేటు దగ్గర్నుంచే వెనక్కి రండి. కోర్సు పనికి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలని నిబంధన. ఏడాదికి కనీసం 200 పనిదినాలు. దూరవిద్య బీఎడ్ అప్పటికే శిక్షణ పొందిన ఉపాధ్యాయుల కోసం పెట్టింది. డిగ్రీ అయిన మర్నాడు అందులో చేరదామంటే కుదరదు.

కోర్సు రెండేళ్లు. చేరిన నాటి నుంచి మూడేళ్లలోపు పూర్తిచేయాలి.

ఇంటర్న్‌షిప్

రెండేళ్లలో కనీసం 20 వారాలు బడిలో గడపాలి. మొదటి ఏడాది నాలుగు, రెండో ఏడాది పదహారు. నా దృష్టిలో బీఎడ్ అంటే ఆ పదహారు వారాలే. తత్త్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం పేపర్లు రాత్రుళ్లు కూర్చుని పాసవ్వవచ్చు. ఎనిమిదో తరగతి ‘బి’ సెక్షన్‌ను ఆఖరి పీరియడ్‌లో కూర్చోబెట్టడం ఆ దారిలో రాదు.

మొదట బడి ఎంపిక. మీరు చదువుకున్న బడికి వెళ్లకండి. అక్కడ మీరింకా పాత విద్యార్థే, టీచర్లు మిమ్మల్ని ముద్దు చేస్తారు, తప్పు చెప్పరు. పిన్నిగారో మేనమామో హెడ్మాస్టరుగా ఉన్న బడికి అసలు వద్దు. కార్పొరేషన్ బడో ప్రభుత్వ బడో దొరికితే వెళ్లండి. అన్ని రకాల పిల్లలూ ఒకే గదిలో దొరికేది అక్కడే. తెలుగు మెథడ్ వాళ్లు ఈ పని ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే తెలుగు చెప్పే బడులు నగరంలో ఎక్కువ లేవు. 2006 చట్టంతో తమిళం అన్ని బడుల్లో తప్పనిసరి అయ్యాక తెలుగు పీరియడ్లు ఇంకా సన్నబడ్డాయి. కాలేజీ వాళ్లే వేస్తారులే అని ఊరుకుంటే తెలుగు మెథడ్ చదివి సోషల్ పాఠం చెప్పి రావలసి వస్తుంది.

రెండోది, చేరిన మొదటి వారం సుద్దముక్క ముట్టుకోవద్దు. వెనక బెంచీలో కూర్చుని చూడండి. కాలేజీలో సూక్ష్మబోధన అని ఒకటి చేయిస్తారు: ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు విమర్శ, పన్నెండు నిమిషాలు మళ్లీ తయారీ, ఆరు నిమిషాలు మళ్లీ పాఠం, మరో ఆరు నిమిషాలు విమర్శ. మొత్తం 36 నిమిషాల చక్రం. 1960లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పద్ధతి. ప్రశ్నించడం, నల్లబల్ల మీద రాయడం లాంటివి విడివిడిగా సాధన చేయడానికి పనికొస్తుంది, కాదనను. కానీ అక్కడ పిల్లలుగా నటించేది మీ తోటి బీఎడ్ వాళ్లే. వాళ్లకు జవాబులు తెలుసు, పెన్సిల్ విరగదు, పక్కవాడు గిల్లడు. వెనక బెంచీలో ఒక్క వారం కూర్చుంటే ఎవరికి బోర్డు కనపడదో, ఎవరు తెలుగు చదవలేక పెదాలు మాత్రం కదుపుతున్నారో, ఎవరు అన్నం తినకుండా వచ్చారో తెలుస్తుంది. సూక్ష్మబోధన మార్కుల మీద అంత మోజున్న కాలేజీలు ఈ వారాన్ని ఎందుకు ఎగ్గొడతాయో నాకు అర్థం కాదు.

మూడోది పాఠ్య పథకం. అసలు గొడవంతా దీనితోనే.

సీనియర్ రికార్డు తెచ్చి కాపీ చేయకండి. చేశారని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఒకమ్మాయి పండగ పాఠానికి ప్రేరణ ప్రశ్నగా "సంక్రాంతికి మీ వీధిలోకి హరిదాసు వస్తాడు కదా, ఏం పాట పాడతాడు?" అని అడిగింది. వ్యాసర్పాడిలో పుట్టి పెరిగిన పిల్లలు వాళ్లు. హరిదాసు ఎవరో తెలీదు. పొంగల్, ఇంటి ముందు కోలం (ముగ్గు), చెరకుగడ తెలుసు. నలభైమంది మొహాలు చూస్తూ ఆ అమ్మాయి నిలబడిపోయింది, ఎందుకంటే పథకంలో తర్వాతి వాక్యం ‘విద్యార్థుల జవాబు: హరినామ సంకీర్తన’. గుంటూరు జిల్లా రికార్డు అది. పూర్వజ్ఞానం అనే గడిలో రాయవలసింది మీ ముందున్న పిల్లలకు ఏం తెలుసో అది. దానికోసమే ఆ మొదటి వారం.

లక్ష్యాలు రాసేటప్పుడు ‘అవగాహన చేసుకుంటాడు’ అని రాసి వదిలేయకండి. చేసుకున్నాడో లేదో ఎలా కనిపెడతారు? సవర్ణదీర్ఘ సంధి పాఠం అనుకోండి. ‘విద్యార్థి ఇచ్చిన పదాల్లో సవర్ణదీర్ఘ సంధి జరిగినవాటిని గుర్తించి విడదీస్తాడు’ అని రాయండి. దేవాలయం, కవీంద్రుడు, భానూదయం ఇచ్చి, వాటి మధ్య మహేంద్రుడు ఒకటి పడేయండి. అది గుణసంధి. దాన్ని పక్కన పెట్టినవాడికి పాఠం వచ్చినట్టు. అన్నీ సరైన ఉదాహరణలే ఇస్తే క్లాసంతా చేతులెత్తుతుంది, మీరు సంతోషిస్తారు, పరీక్షలో సున్నాలు వస్తాయి.

చెన్నైలో తెలుగు చెప్పేవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి. మన పిల్లలు ముందు తమిళ అక్షరాలు నేర్చుకుని వస్తారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. దీర్ఘాలు అక్కడా ఉన్నాయి కాబట్టి వాటితో పేచీ లేదు. వత్తుల దగ్గర మాత్రం తడబడి, ‘భారతం’ను ‘బారతం’ అనీ, ‘ధనం’ను ‘దనం’ అనీ రాస్తారు. దాన్ని నిర్లక్ష్యం అనుకుని తిట్టే ఇంటర్న్‌లను చూశాను. పథకంలోనే ఐదు నిమిషాలు ఖ, ఘ, ధ, భ లాంటి వత్తక్షరాల డిక్టేషన్‌కి కేటాయించండి, రోజూ. ఆ ఐదు నిమిషాలు లేని పథకం మీద నేను సంతకం పెట్టను.

పథకం చేత్తోనే రాయాలి, నీలం సిరాతో. ఎరుపు గైడ్ టీచరుది. కంప్యూటర్‌లో టైపు చేసింది ఎంత అందంగా ఉన్నా పేరు మార్చి పదిమంది తెస్తారు. పీరియడ్ నలభై అయిదు నిమిషాలైతే ముప్ఫై నిమిషాల పాఠమే రాసుకోండి. హాజరు, పుస్తకాలు తీయడం, "మిస్, నీళ్లు తాగొస్తా" అన్నీ పోగా మిగిలేది అంతే. కొత్త చీరలు ఈ పదహారు వారాలూ బీరువాలోనే ఉంచండి, లేకపోతే మొదటి పది నిమిషాలు పిల్లలు చీరనే చూస్తారు.

నాలుగోది సంతకాలు. పాఠం చెప్పిన రోజే, ఆ పాఠం చూసిన టీచరు చేత సంతకం పెట్టించుకోండి. ఆఖరి రోజు మొత్తం రికార్డు కట్ట తెచ్చి "మేడం, ఒక్క సంతకం" అని నిలబడేవాళ్లు ఏటా ఉంటారు. నేను చూడని పాఠానికి నేనేం రాయను? వెనక్కి పంపేస్తాను. ఏడుస్తారు, అయినా పంపేస్తాను. రోజూ ఒక పేజీ డైరీ కూడా రాయండి. ఏ ప్రశ్నకు క్లాసు మౌనంగా ఉండిపోయిందో రాయండి, ‘పాఠం విజయవంతంగా ముగిసింది’ అని మాత్రం రాయవద్దు.

ఐదోది సెలవులు. ఇక్కడ సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్షలు, డిసెంబరులో హాఫ్ ఇయర్లీ. మధ్యలో అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాలు. వేళచ్చేరిలో నీళ్లు నిలిచాయంటే కలెక్టరు సెలవు ప్రకటిస్తారు, మీ పాఠాలు పేరుకుపోతాయి. కాబట్టి మొదటి నెలలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టకండి. అక్క పెళ్లి ఉంటే ముహూర్తానికి వెళ్లి మర్నాడు బడికి రండి. 90 శాతానికి తక్కువైతే బతిమాలినా పని జరగదు.

మిగతావి

కేస్ స్టడీ, అచీవ్‌మెంట్ టెస్ట్, దాని బ్లూప్రింట్ (ఏ పాఠానికి ఎన్ని మార్కులో చూపే పట్టిక), బోధనోపకరణాలు, ఇవన్నీ ఇంటర్న్‌షిప్ నడుస్తుండగానే పూర్తిచేస్తే ప్రాక్టికల్స్‌కి కంగారుండదు. కేస్ స్టడీకి క్లాసులో అల్లరివాణ్నే అందరూ ఎంచుకుంటారు. నోరు తెరవని పిల్లను ఎంచుకోండి. థియరీ పేపర్లకు పాత ప్రశ్నపత్రాలు చాలు.

బీఎడ్ చేతికొచ్చాక ఆరు నుంచి ఎనిమిది తరగతులకు చెప్పాలంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ రెండో పేపర్ పాసవ్వాలి. 150కి 90 మార్కులు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. బీఎడ్‌తో ఒకటి నుంచి ఐదు తరగతుల పోస్టులకు అర్హత లేదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చింది, ఆ ఆశ పెట్టుకోకండి. ఆంధ్రాకు తిరిగి వెళ్లేవాళ్లకు అక్కడి టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంది, కాబట్టి పాసైతే చాలనుకోకుండా మళ్లీ రాసి మార్కులు పెంచుకోవచ్చు. తమిళనాడులోనే ప్రభుత్వ ఉద్యోగం కావాలనుకుంటే టీఆర్‌బీ (ఉపాధ్యాయ నియామక బోర్డు) పరీక్షలో తమిళ అర్హత పేపర్ ఉంటుంది, కనీసం 40 శాతం రావాలి. తమిళం చదవడం, రాయడం రానివాళ్లు బీఎడ్ మొదటి ఏడాదిలోనే పిల్లల వాచకంతో మొదలుపెట్టండి.