డిస్కు తరలించాక మాయమైన చోటు: సమస్య - పరిష్కారం

బెంగళూరు మారతహళ్లిలోని మా చిన్న ఆఫీసులో ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటరులో అనేక వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లను, నడిపే వ్యవస్థ) సర్వర్ ఒకటి ఉంది. ఒక శనివారం దాని వర్చువల్ మెషీన్ల డిస్కులను పాత హార్డ్ డిస్కుల నుంచి కొత్త ఎస్‌ఎస్‌డీల మీది ఎల్‌వీఎం థిన్ పూల్‌కు (రాసిన మేరకే చోటు కేటాయించే ఉమ్మడి నిల్వకు) మార్చాం. ఏ మెషీన్‌నూ ఆపకుండానే పని పూర్తయింది. సోమవారం పొద్దున్నే మా కర్నూలు కుర్రవాడు ఫోను చేశాడు: "అన్నా, కొత్త పూల్ 91 శాతం నిండిపోయింది. మన డేటా అందులో సగం కూడా లేదు కదా!"

లక్షణం

మెషీన్ లోపల చూస్తే 500 జీబీ డిస్కులో వాడింది 118 జీబీ. సర్వర్‌లో ఎల్‌వీఎస్ కమాండ్ (పూల్‌లో ఏ డిస్కు ఎంత చోటు తీసుకుందో చూపేది) ఇస్తే అదే డిస్కుకు డేటా శాతం 99.98. రెండూ నిజమే. దీన్ని వాయిదా వేయకండి. థిన్ పూల్ పూర్తిగా నిండితే రాతలు విఫలమవుతాయి, మెషీన్ల ఫైల్ సిస్టమ్‌లు చదవడానికి మాత్రమే పనికొచ్చే స్థితికి పడిపోతాయి.

పాత స్టోరేజీలో చోటు ఖాళీ కాలేదన్నది ఇంకో ఫిర్యాదు. దానికి కారణం చిన్నది: తరలించేటప్పుడు 'డిలీట్ సోర్స్' గడిలో టిక్ పెట్టలేదు. కొత్త ఇంట్లో పాలు పొంగించి, పాత ఇంటి తాళం చెవి ఓనరుకు ఇవ్వనట్టు. మెషీన్ హార్డ్‌వేర్ పేజీలో 'అన్‌యూజ్డ్ డిస్క్' అని కనిపిస్తుంది. కొత్త డిస్కుతో మెషీన్ సరిగ్గా నడుస్తోందని, బ్యాకప్ ఉందని చూసుకుని తీసేయండి.

కొత్త చోట ఎందుకు ఉబ్బింది

మెషీన్ నడుస్తుండగా తరలిస్తే డిస్కు మొదటి నుంచి చివరి దాకా కాపీ అవుతుంది. ఎప్పుడూ వాడని భాగాలు సున్నాలుగా వస్తాయి, ఎప్పుడో చెరిపేసిన ఫైళ్ల అవశేషాలూ వెంట వస్తాయి. రాసిన ప్రతి బ్లాకుకూ పూల్ చోటు కేటాయిస్తుంది. ఏది అక్కర్లేదో ఫైల్ సిస్టమ్‌కు తెలుసు, పూల్‌కు తెలియదు. ఆ కబురు మోసేదే డిస్కార్డ్. ఫైల్ సిస్టమ్ చేత ఆ కబురు పంపించడాన్నే ట్రిమ్ చేయడం అంటారు.

పరిష్కారం

డిస్కు సెట్టింగుల్లో 'డిస్కార్డ్' టిక్ చేయండి. తర్వాత మెషీన్‌ను పూర్తిగా ఆపి, ప్రాక్స్‌మాక్స్ నుంచే మళ్లీ నడపండి. లోపలి నుంచి రీబూట్ చేస్తే ఈ మార్పు అమల్లోకి రాదు. ఆపైన లినక్స్‌లో రూట్‌గా ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండ్‌ను 'ఏ', 'వీ' ఆప్షన్లతో ఇవ్వండి. విండోస్‌లో అయితే డ్రైవ్ ఆప్టిమైజ్ చేసే పరికరం ఇదే పని చేస్తుంది. మా 500 జీబీ డిస్కు 24 శాతానికి దిగింది.

ఇక నా సాయంత్రం మొత్తం తినేసిన సంగతి. మరో మెషీన్‌లో డిస్కార్డ్ ముందే ఉంది, అయినా ట్రిమ్ చేస్తే సున్నా బైట్లు అని వచ్చింది. పూల్ అంగుళం కదల్లేదు. డిస్కార్డ్ పనిచేయడం లేదేమోనని సెట్టింగులన్నీ తిరగేసి చూశాను, అంతా వృథా. అసలు కిటుకు ఆ మెషీన్ వాడే లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4లో ఉంది. ఒకసారి ట్రిమ్ చేసిన బ్లాకుల గుంపులను అది మెమరీలో గుర్తుపెట్టుకుని రెండోసారి వాటిని దాటేస్తుంది. వారం వారం నడిచే ట్రిమ్ టైమర్ తరలింపుకు ముందే పని ముగించింది. కింద డిస్కు మారిన సంగతి లోపలి ఫైల్ సిస్టమ్‌కు తెలియదు కదా! మెషీన్‌ను ఒకసారి రీబూట్ చేసి ట్రిమ్ చేయగానే వందల జీబీలు తిరిగొచ్చాయి. మరో లినక్స్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఈ అలవాటు లేదు.

అప్పటికీ తగ్గకపోతే

స్నాప్‌షాట్లు (డిస్కు ఒకానొక క్షణంలో ఉన్న స్థితిని దాచిపెట్టినవి) చూడండి. స్నాప్‌షాట్ పట్టుకున్న బ్లాకును ట్రిమ్ విడిపించలేదు. అక్కర్లేనివి తీసేస్తే చాలు. లోపల లక్స్ (లినక్స్‌లో డిస్కును రహస్య సంకేతాల్లోకి మార్చే పద్ధతి) ఎన్‌క్రిప్షన్ ఉంటే అది మామూలుగా డిస్కార్డ్‌ను కిందికి పోనివ్వదు, దాని సెట్టింగుల ఫైలు క్రిప్ట్‌ట్యాబ్‌లో అనుమతించాలి. అయితే డిస్కులో ఏ భాగం ఖాళీయో బయటివాళ్లకు తెలిసిపోతుంది, అది మీకు సమ్మతమో కాదో ముందే తేల్చుకోండి. వర్చువల్ డిస్కును క్యూకౌ2 రకం ఫైలుగా ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో పంచుకునే నిల్వ) మీద పెట్టుకున్నవారు 4.2 వెర్షన్‌తో మౌంట్ చేయాలి, అంతకన్నా పాత వెర్షన్లలో ఫైలు మధ్యలో చోటు వదిలే వీలు లేదు.

క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ (మెషీన్ లోపల ఉండి ప్రాక్స్‌మాక్స్ చెప్పిన పనులు చేసే చిన్న ప్రోగ్రాం) సెట్టింగుల్లో, డిస్కు తరలించిన వెంటనే ట్రిమ్ నడిపే టిక్ ఒకటి ఉంది. ఇప్పుడు మా మెషీన్లన్నిటికీ పెట్టాం. ఎక్స్‌ట్4 ఉన్న మెషీన్లను మాత్రం తరలించాక ఇంకా చేత్తోనే రీబూట్ చేస్తున్నాం, ఏజెంట్ చేసే ట్రిమ్ కూడా ఆ పాత గుర్తుల దగ్గరే ఆగిపోతుంది.