షాంఘైలో ఒక రోజు కాలినడకన: కర్నూలు నుంచి వెళ్లేవాళ్లకి

షాంఘై వెళ్తే టూర్ బస్సు ఎక్కకండి, ఒక్క రోజైనా నడవండి. ఇంట్లో ఉండగానే ఫోన్లో అలీపే అనే చెల్లింపుల యాప్ వేసుకుని కార్డు కలుపుకోండి, ఎందుకంటే అక్కడ తోపుడు బండి దగ్గర కూడా క్యూఆర్ కోడే, గూగుల్ మ్యాప్స్ కూడా మామూలుగా పనిచేయదు కాబట్టి ‘ఆమ్యాప్’ (Amap) అనే చైనా మ్యాప్ యాప్ ఉంచుకోండి.

ఉగ్గాని బజ్జి దొరకదు గానీ, పొద్దున్నే వెదురు బుట్టలో ఆవిరికి ఉడికే త్సాయ్ బావ్ తప్పకుండా తినండి. తుంచితే వేళ్లు కాలతాయి, తెల్లటి మెత్తటి పిండి లోపల సన్నగా తరిగిన ఆకుకూర, పుట్టగొడుగులు. ఒక్కోచోట పంది కొవ్వు కలుపుతారు, తినని వాళ్లు అడిగి తీసుకోండి.

పీపుల్స్ స్క్వేర్ నుంచి నాన్జింగ్ రోడ్డు పట్టుకుని తూర్పుకి పోతే నేరుగా హువాంగ్పు నది ఒడ్డున ఉన్న ‘బండ్’ అనే నడకదారికి చేరతారు. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకి చూడండి, అక్కడ వాహనాలు కుడి పక్కన నడుస్తాయి. బ్యాటరీ స్కూటర్లయితే చప్పుడే చేయవు, నాకు వాటితోనే టెన్షన్.

సాయంత్రం 2 యువాన్ల ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్లండి. 632 మీటర్ల షాంఘై టవర్ కింద నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడండి.