సెన్సర్ డ్రైవర్ ‘రిసోర్స్ బిజీ’ అన్నప్పుడు

హనుమకొండ ఎండల్లో డెస్క్‌టాప్ ఎంత వేడెక్కుతోందో చూద్దామని లినక్స్‌లో సెన్సర్ డ్రైవర్‌ను (మదర్‌బోర్డుపై వేడిని కొలిచే చిప్‌ను చదివే ప్రోగ్రాంను) ఎక్కించబోతే, ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అన్న సందేశంతో ఆగిపోవడం విసుగు పుట్టిస్తుంది. అంతమాత్రాన ఏసీపీఐ (మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ అనే అంతర్గత సాఫ్ట్‌వేర్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య ఉండే ఏర్పాటు) తనిఖీని సడలించే బూట్ పారామీటర్‌ను శాశ్వతంగా పెట్టేయనక్కరలేదు.

ముందుగా కెర్నల్ లాగ్‌లో (లినక్స్ కేంద్రభాగం నమోదు చేసే సందేశాల్లో) ‘కాన్‌ఫ్లిక్ట్’ అనే పదం వెదికి, అక్కడ కనిపించిన చిరునామాను ఏ చిరునామా ఎవరి పేరు మీద ఉందో చూపే, ప్రాక్ డైరెక్టరీలోని ఐఓపోర్ట్స్ ఫైలుతో పోల్చాలి. ఆ ఫైలును సుడోతోనే (అడ్మిన్ అధికారంతోనే) తెరవాలి, లేకుంటే చిరునామాలన్నీ సున్నాలుగా కనిపిస్తాయి. (ఇలాంటి సెన్సర్ చిప్‌లు తరచుగా 0290 అనే చిరునామా దగ్గర ఉంటాయి.) ఆ పరిధి వేరొక డ్రైవర్ పేరు మీద ఉంటే, అది డిస్కుకో నెట్‌వర్కుకో సంబంధించినది కాదని నిర్ధారించుకొని, డ్రైవర్లను ఎక్కించి దించే మోడ్‌ప్రోబ్ ఆదేశానికి ‘మైనస్ ఆర్’ ఇచ్చి దానిని దించి, మనకు కావలసిన దానిని ఎక్కిస్తే చాలు.

లాగ్‌లో ఏసీపీఐ పేరు వస్తే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. ఆ సెన్సర్ చిప్‌ను ఫర్మ్‌వేర్ తానే వాడుతూ ఉండవచ్చు. విలువ చదవడానికి కూడా ముందు ఇండెక్స్ రిజిస్టర్‌లో (ఏ విలువ కావాలో చిప్‌కు చెప్పే చోట) రాయవలసి వస్తుంది కాబట్టి, ఫర్మ్‌వేర్, డ్రైవర్ రెండూ ఒకేసారి దిగితే తప్పుడు ఉష్ణోగ్రతే కాక ఫ్యాన్ వేగమూ దెబ్బతినవచ్చు. అప్పుడు ఆ డ్రైవర్‌ను వదిలేయడమే మేలు. ప్రాసెసర్ వేడిని ఇంటెల్‌లో కోర్‌టెంప్, ఏఎండీలో కే10టెంప్ మాడ్యూళ్లు ఆ చిప్‌తో పని లేకుండానే చూపుతాయి.