హాలియాకు ఆరు లైన్లు: టెంప్లేట్ లూప్ తేడా కొడితే ఎక్కడ చూడాలి

మా మేనమామకు నల్లగొండ దగ్గర బత్తాయి తోట ఉంది. రేట్లు ఫోన్‌లో కనపడేలా చిన్న పేజీ చేసిపెట్టమంటే ఫ్లాస్క్‌లో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) చేసిచ్చాను, టెంప్లేట్లు, అంటే డేటా నింపుకునే పేజీ అచ్చులు, జింజావి. రెండో రోజే ఫోన్: "ఏందిరా అల్లుడూ, హాలియా అని రాయడానికి ఆరు లైన్లా?"

చూస్తే నిజమే. హ ఒక లైన్, దీర్ఘం ఒక లైన్, ల ఒక లైన్, గుడి ఇంకో లైన్... గుర్తులన్నీ అక్షరాల నుంచి ఊడిపోయి చుక్కల సున్నాలకు వేలాడుతున్నాయి. ఇలా కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు, లూప్‌కి లిస్ట్ బదులు స్ట్రింగ్ (ఉత్త అక్షరాల వరస) వెళ్లింది. ఆ రోజు ఒక్క ఊరే ఉందని నేను పేరు ఉత్తగా పంపేశాను. పైథాన్ స్ట్రింగ్ మీద లూప్ తిప్పితే ఒక్కో యూనికోడ్ క్యారెక్టర్ విడిగా వస్తుంది, గుణింతం గుర్తు కూడా దాని లెక్కలో ఒక క్యారెక్టరే. పేరు చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే అయిపోయింది.

మిగతా తేడాలు ఇంత సులువుగా దొరకవు, అందుకని ముందు బ్రౌజర్‌లో వ్యూ సోర్స్ (పేజీ అసలు హెచ్‌టీఎంఎల్) తెరిచి వరసలు లెక్కపెట్టండి. స్క్రీన్ చూసి ఊహించొద్దు, సీఎస్ఎస్ దాచేసినవి కూడా ఉంటాయి.

ఒక్క వరసా రాలేదా? వేరియబుల్ పేరు చూడండి. మీరు రేట్స్ అని పంపి టెంప్లేట్‌లో రేట్ అని రాస్తే జింజా కిక్కురుమనదు, ఖాళీగా వదిలేస్తుంది. స్ట్రిక్ట్‌అన్‌డిఫైన్డ్ అనే జింజా సెట్టింగ్ పెట్టుకుంటే అప్పుడే ఎర్రర్ ఇస్తుంది. డేటా నిజంగానే లేని రోజు కోసం ఫర్‌లో ఎల్స్ రాయండి, జాంగోలో (ఫ్లాస్క్ లాంటిదే ఇంకో ఫ్రేమ్‌వర్క్) అయితే దాన్ని ఎంప్టీ అంటారు.

పై పట్టిక బాగానే వచ్చి, అదే డేటాతో వేసిన కింది పట్టిక ఖాళీగా ఉందంటే డేటాబేస్ కర్సర్‌ను (ఫలితాలను ఒక్కో వరసగా అందించేది) నేరుగా పంపి ఉంటారు. అది ఒక్కసారి తిరిగితే అయిపోతుంది. దాంట్లో ఏముందో చూద్దామని లూప్‌కి పైన లిస్ట్ ఫిల్టర్ వేసి ప్రింట్ చేశారనుకోండి, అదే మొత్తం తినేసి అసలు లూప్‌కి ఏమీ మిగల్చదు (నాకు ఒక సాయంత్రమంతా దీనికే పోయింది). ఫెచ్ఆల్ చేసి, అంటే వరసలన్నీ ఒకేసారి లిస్టుగా తెచ్చి, పంపండి.

డిక్షనరీ మీద ఉత్తగా లూప్ వేస్తే ఊళ్ల పేర్లే వస్తాయి, రేట్లు రావు. ఐటమ్స్ కావాలి. జింజాలో దాని పక్కన గుండ్రటి బ్రాకెట్లు పెట్టాలి, జాంగోలో పెట్టకూడదు.

లూప్‌లో జింజా సెట్ ట్యాగ్‌తో కూడుతూ పోయిన మొత్తం బయటికొచ్చేసరికి సున్నా అవుతోందా? లోపల చేసిన సెట్ బయటికి రాదు. దానికి జింజాలోనే ఉన్న నేమ్‌స్పేస్ వాడొచ్చు గానీ, కూడిక వ్యూ ఫంక్షన్‌లోనే (పేజీకి డేటా పంపే పైథాన్ కోడ్) చేసి పంపడం నయం.

ప్రతి వరసకీ 1 అనే నంబర్ పడుతుంటే మాత్రం డేటాను ముట్టుకోకండి, ఓఎల్ (నంబర్ల జాబితా) ట్యాగ్ లూప్ లోపల ఉండిపోయింది, బయటికి తీయండి.