పోస్ట్‌జీఐఎస్‌లో రెండు కాలమ్స్‌కి కలిపి ఒకే ఇండెక్స్: పైథాన్ కోడ్‌తో ఇలా పెట్టండి

భూముల మ్యాప్ డేటా మీద పనిచేసేవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యే సంగతే, సర్వే నంబర్ ఒక్కటే చెబితే పొలం దొరకదు. 45వ నంబర్ ప్రతి ఊళ్లోనూ ఉంటుంది కాబట్టి క్వెరీలో గ్రామం కోడ్, సర్వే నంబర్ రెండూ కలిసే వస్తాయి. అలాంటప్పుడు ఒక్కో కాలమ్‌కి విడివిడిగా ఇండెక్స్ (డేటా త్వరగా దొరికేలా చేసే సూచిక) పెట్టినా పోస్ట్‌గ్రెస్ (పోస్ట్‌జీఐఎస్ నడిచే డేటాబేస్) రెండింటినీ బిట్‌మ్యాప్‌తో కలిపి పని కానిస్తుంది, కానీ రెండు కాలమ్స్‌కి కలిపి ఒకటే బీ-ట్రీ ఇండెక్స్ (విలువల్ని వరుసలో పెట్టే మామూలు రకం) ఉంటే నేరుగా ఆ రికార్డు దగ్గరికే వెళ్తుంది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది కాలమ్స్ వరుస. ఖచ్చితంగా సమానం అని అడిగే కాలమ్ ముందు రావాలి, "నుంచి–వరకు" అనో "దీనితో మొదలయ్యేవి" అనో అడిగేది తర్వాత. మన విషయంలో గ్రామం కోడ్ ముందు, సర్వే నంబర్ తర్వాత. ఈ వరుసలో పెడితే గ్రామం ఒక్కటే అడిగినా ఇండెక్స్ పనికొస్తుంది, సర్వే నంబర్ ఒక్కటే అడిగితే మాత్రం పెద్దగా ఉపయోగం లేదు. పోస్ట్‌గ్రెస్ 18లో స్కిప్ స్కాన్ (మొదటి కాలమ్ అడగకపోయినా దాని విలువల్ని ఒక్కొక్కటిగా దాటుతూ వెతకడం) వచ్చింది నిజమే, కానీ మొదటి కాలమ్‌లో కొద్ది విలువలే ఉన్నప్పుడు దాని లాభం. వేల గ్రామాలున్న చోట దాన్ని నమ్ముకోవద్దు. ఇంకోటి, 45/అ, 45/ఆ లాంటి సబ్‌డివిజన్లన్నీ లైక్‌తో వెతకాలంటే డేటాబేస్ కొలేషన్ (అక్షరాల వరుస నియమం) "సి" కానప్పుడు మామూలు ఇండెక్స్ ఆ వెతుకులాటకి అక్కరకు రాదు, సర్వే నంబర్ కాలమ్ పక్కన టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ అనే ఆపరేటర్ క్లాస్ (విలువల్ని ఎలా పోల్చాలో ఇండెక్స్‌కి చెప్పేది) రాయాలి.

ఇక కోడ్. సైకోపీజీతో (పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌కి కలిపే లైబ్రరీ) కనెక్షన్ తెరిచేటప్పుడే ఆటోకమిట్ ట్రూ అని ఇవ్వండి. ఎందుకంటే మామూలు క్రియేట్ ఇండెక్స్ పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి కొత్త డేటా రాయడం ఆగిపోతుంది, లైవ్‌లో ఉన్న టేబుల్‌కి అది కుదరదు కాబట్టి రాతలు ఆపకుండా ఇండెక్స్ కట్టే కన్‌కరెంట్లీ వాడాలి, అదేమో ట్రాన్సాక్షన్ లోపల నడవదు. స్టేట్‌మెంట్ మామూలే: క్రియేట్ ఇండెక్స్ కన్‌కరెంట్లీ, ఇండెక్స్ పేరు, ఆన్, టేబుల్ పేరు, బ్రాకెట్లలో కామా పెట్టి కాలమ్స్. టేబుల్, కాలమ్ పేర్లు వేరియబుల్స్ నుంచి వస్తుంటే వాటిని మామూలు పారామీటర్లలా పంపలేం, స్ట్రింగ్‌లో అతికించడమూ ప్రమాదమే, సైకోపీజీ ఎస్‌క్యూఎల్ మాడ్యూల్‌లోని ఐడెంటిఫయర్ వాడండి.

ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. కన్‌కరెంట్లీ మధ్యలో ఫెయిలైతే క్వెరీలకి పనికిరాని ఇన్‌వాలిడ్ ఇండెక్స్ ఒకటి అదే పేరుతో మిగిలిపోతుంది. స్క్రిప్ట్‌లో ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టి ఉంటే, రెండోసారి నడిపినప్పుడు పేరు ఉంది కదా అని ఎర్రర్ లేకుండా దాటేస్తుంది, మీరేమో ఇండెక్స్ ఉందనుకుంటారు, క్వెరీలేమో నత్తనడక నడుస్తూనే ఉంటాయి. అందుకే క్రియేట్‌కి ముందు పీజీ ఇండెక్స్ కేటలాగ్‌లో (ఇండెక్స్‌ల వివరాలుండే సిస్టమ్ టేబుల్) వాలిడ్ అవునా కాదా చూసి, కాకపోతే డ్రాప్ చేసి మళ్లీ కట్టేలా కోడ్ రాయండి. పేరు కూడా చిన్నగా పెట్టండి. 63 బైట్ల తర్వాత కత్తిరిస్తుంది, అప్పుడు రెండు పొడవాటి పేర్లు ఒకటైపోవచ్చు.

జామెట్రీ కాలమ్‌ని (పొలం ఆకారం ఉండేది) కలపాలంటే కథ వేరు. దానికి ఆకారాల్ని వెతకగలిగే జిస్ట్ ఇండెక్స్ కావాలి, అందులో నంబర్, తేదీ లాంటివి చేర్చాలంటే ముందు బీట్రీ జిస్ట్ ఎక్స్‌టెన్షన్ క్రియేట్ చేయాలి. మ్యాప్‌లో కనిపిస్తున్న మేరలో ఫలానా తేదీ తర్వాత మారిన పొలాలు కావాలి అనుకోండి, జామెట్రీ, తేదీ కలిపి పెట్టడం బాగుంటుంది. జిస్ట్‌లో మొదటి కాలమ్‌కి కొద్ది విలువలే ఉంటే ఇండెక్స్ బలహీనపడుతుంది కాబట్టి జామెట్రీనే ముందు ఉంచండి. ప్రభుత్వ భూమా కాదా లాంటి అవును–కాదు కాలమ్‌ని మాత్రం ఇందులో కలపకండి, జామెట్రీ మీద ఇండెక్స్ పెట్టి చివర వేర్ షరతు రాస్తే చాలు, సైజూ తగ్గుతుంది. గ్రామం కోడ్‌ని జామెట్రీతో కలపడం కూడా నా దృష్టిలో దండగే, గ్రామం అన్నదే మ్యాప్ మీద ఒక చోటు కదా.

ఇండెక్స్ కట్టాక ఎనలైజ్ (టేబుల్ గణాంకాలు సేకరించే కమాండ్) నడిపి, అసలు క్వెరీకి ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో చూపేది) చూడండి. పది వరుసల టెస్ట్ టేబుల్‌లో సీక్వెన్షియల్ స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం) వచ్చిందని టెన్షన్ పడక్కర్లేదు, చిన్న టేబుల్‌కి అదే చవక, కాబట్టి అసలు డేటా మీదే చూడాలి. దూరంతో వెతికేటప్పుడు ఎస్‌టీ డిస్టెన్స్ ఇంతకన్నా తక్కువ అని రాస్తే ఎంత మంచి ఇండెక్స్ ఉన్నా వాడుకోదు, ఎస్‌టీ డీవితిన్ రాయండి. అంతా సరిగ్గా ఉందని తేలాక, గ్రామం కోడ్ ఒక్కదాని మీద ఉన్న పాత ఇండెక్స్‌ని తీసేయవచ్చు. ఆ పని కొత్తదే చేస్తుంది, పైగా పాతది ఉన్నంతకాలం ప్రతి ఇన్సర్ట్‌కీ అదనపు బరువే. దాన్ని కూడా కన్‌కరెంట్లీతోనే డ్రాప్ చేయండి.