ఆటగాడి చేతికి మిగిలేదెంత? అమెరికా స్టేట్ టాక్స్ లెక్క కట్టే పద్ధతి

భీమవరం, తణుకు, అమలాపురం వైపు డల్లాస్‌లోనో బే ఏరియాలోనో పిల్లలున్న ఇళ్ళు తక్కువేం కాదు. అందుకే స్టేట్ టాక్స్, అంటే అక్కడి రాష్ట్రాలు వేసే ఆదాయపు పన్ను, అన్న మాట మనకి బాగా అలవాటే. దాని బరువు మాత్రం ఇక్కడుండి అంచనా వెయ్యడం కష్టం, మనకి అలాంటి పన్ను లేదు మరి. మన రాజ్యాంగం ఆదాయపు పన్నుని కేంద్రానికిచ్చి, వ్యవసాయ ఆదాయాన్ని మాత్రం రాష్ట్రాలకి వదిలింది. ఇక రాష్ట్రం తీసుకునేది వృత్తి పన్ను. 276వ అధికరణం దానికి ఏడాదికి 2,500 రూపాయలని గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆంధ్రలో నెలకి 20,000 దాటిన జీతగాడు కట్టేది 200 రూపాయలు, ఆ పైన జీతం ఎంతున్నా అంతే. కాబట్టి ఐపీఎల్‌లో హైదరాబాద్‌కి ఆడినా ముంబైకి ఆడినా ఆటగాడికి పన్నులో చెప్పుకోదగ్గ తేడా రాదు.

అమెరికాలో వస్తుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు పండినా, కౌలు కొలిచాక ఎన్ని మిగిలాయో చూసుకుంటాడు రైతు. ఆటగాడి ఏజెంటూ అంతే, కాంట్రాక్టు అంకె దగ్గర ఆగడు. అమెరికా టాక్స్ పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళకీ, రాత్రుళ్ళు మేలుకుని ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళకీ పనికొచ్చేలా ఆ లెక్క ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా జీతాన్ని విడదీయాలి. సీజన్ జీతం, సైనింగ్ బోనస్, వాయిదా వేసిన సొమ్ము, ఈ మూడింటి దారులు వేరు. సీజన్ జీతాన్ని రోజుల లెక్కన రాష్ట్రాలకి పంచుతారు. సైనింగ్ బోనస్ తిరిగి ఇవ్వక్కర్లేనిదై, ఆడినా ఆడకపోయినా దక్కేదై, జీతంతో కలపకుండా విడిగా చెల్లించేదైతే, చాలా రాష్ట్రాల నిబంధనల్లో దాన్ని పంపకంలో కలపరు. ఆటగాడు నివాసమున్న రాష్ట్రానికే వదిలేస్తారు. ఫ్లోరిడా నివాసికి అలాంటి బోనస్ మీద స్టేట్ టాక్స్ సున్నా. ఒప్పందంలో ఈ షరతుల్లో ఒక్కటి తప్పినా బోనస్ మామూలు జీతంలో కలిసిపోతుంది.

తర్వాత నివాసం తేల్చాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నివాసమున్న రాష్ట్రం మొత్తం ఆదాయం మీద పన్ను వేసి, బయటి రాష్ట్రాల్లో కట్టినదానికి క్రెడిట్ ఇస్తుంది, అంటే ఆ మేరకు తన పన్ను తగ్గిస్తుంది. బయటి రాష్ట్రం తన గడ్డ మీద పనిచేసిన రోజుల మేరకే వేస్తుంది. కాబట్టి లాస్ ఏంజెలెస్ జట్టు ఆటగాడు మయామీలో ఇల్లు కొన్నంత మాత్రాన కాలిఫోర్నియా వదిలిపెట్టదు. అక్కడ ఆడిన, ప్రాక్టీసు చేసిన ప్రతి రోజుకీ కట్టాల్సిందే. న్యూయార్క్‌లో ఏడాది పొడుగునా అందుబాటులో ఇల్లుండి, 183 రోజులు దాటి గడిపితే, డ్రైవింగ్ లైసెన్స్ ఏ రాష్ట్రానిదైనా నివాసిగానే లెక్కేస్తారు.

ఆ పైన డ్యూటీ రోజులు. ట్రైనింగ్ క్యాంపు మొదలైన రోజు నుంచి జట్టు ఆఖరి మ్యాచ్ దాకా లెక్కపెట్టాలి. మ్యాచ్, ప్రాక్టీసు, టీమ్ మీటింగ్ ఉన్న రోజు ఏ రాష్ట్రంలో గడిస్తే ఆ రాష్ట్రానిది. ఉత్త ప్రయాణంతో పోయిన రోజు మొత్తంలోకి వస్తుంది గానీ, మామూలుగా బయటి రాష్ట్రాల ఖాతాలో పడదు. ఇలా కాకుండా మ్యాచ్‌ల సంఖ్యతో భాగిస్తే లెక్క చెడిపోతుంది. క్లీవ్‌లాండ్ నగరం అలాగే చేసింది. చికాగో బేర్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు హంటర్ హిల్లెన్‌మేయర్‌కి 20 మ్యాచుల్లో 1 అని 5 శాతం జీతం మీద పన్ను వేసింది. రోజుల లెక్కలో అది 2 శాతం కూడా కాదు. 2015లో ఒహాయో సుప్రీం కోర్టు ఆ పద్ధతిని కొట్టేసింది. జట్టు క్లీవ్‌లాండ్ వెళ్ళినప్పుడు గాయపడి ఇండియానాపోలిస్‌లోనే ఉండిపోయిన ఆటగాడు జెఫ్ సాటర్డే మీద ఆ నగరం వేసిన పన్నూ అదే ఏడాది చెల్లకుండా పోయింది. గాయంతో జట్టుతో వెళ్ళని రోజుల్ని మ్యాచ్ జరిగిన ఊరి ఖాతాలో వెయ్యకూడదని గుర్తుంచుకోండి.

ఇప్పుడు రేట్లు. టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీ, నెవాడాల్లో జీతం మీద స్టేట్ టాక్స్ లేదు. కాలిఫోర్నియాలో 10 లక్షల డాలర్లు దాటిన భాగానికి 13.3 శాతం. పైగా 2024 నుంచి అక్కడి ఉద్యోగుల వైకల్య బీమా కోతకి జీత పరిమితి ఎత్తేశారు, ఆ ఏడాది అది 1.1 శాతం. మసాచుసెట్స్ 2023 నుంచి మామూలు 5 శాతానికి తోడు 10 లక్షల పైన ఇంకో 4 శాతం వేస్తోంది. న్యూజెర్సీ గరిష్ఠ రేటు 10.75, మినెసోటా 9.85. ఇలినాయ్ అందరికీ ఒకటే రేటు, 4.95. న్యూయార్క్ రాష్ట్రం గరిష్ఠం 10.9, న్యూయార్క్ నగరపు 3.876 శాతం మాత్రం నగరవాసులకే. వాషింగ్టన్ డీసీకి బయటివాళ్ళ జీతం మీద పన్ను వేసే అధికారం లేదు. రేట్లు మారుతుంటాయి, ఏ ఏడాది లెక్క కడుతున్నారో ఆ ఏడాదివే తీసుకోండి.

2024 రేట్లతో ఒక ఊహాజనిత ఆటగాణ్ణి తీసుకుందాం. ఎన్‌బీఏ, జీతం 1 కోటి డాలర్లు, టెక్సస్ జట్టు, టెక్సస్ నివాసం, డ్యూటీ రోజులు 200. అందులో టెక్సస్ 120, ఫ్లోరిడా టెనెసీ కలిపి 8, ఉత్త ప్రయాణం 10, కాలిఫోర్నియా 16, న్యూయార్క్ 4, పన్నున్న మిగతా రాష్ట్రాలు 42.

కాలిఫోర్నియా వాటా 8 శాతం, అంటే 8 లక్షలు. ఈ 8 లక్షలకే శ్లాబులు వేస్తే తప్పవుతుంది. కాలిఫోర్నియా ముందు మొత్తం కోటి మీద సగటు రేటు కడుతుంది, అది దాదాపు 13 శాతం. ఆ రేటుని 8 లక్షలకి వేస్తుంది. 1,04,000 డాలర్లు. న్యూయార్క్ వాటా 2 లక్షలు, ఈ ఆదాయానికి రేటు 10.3 దగ్గర, 20,600. మిగతా రాష్ట్రాలు సగటున 5 శాతం అనుకుంటే 21 లక్షల మీద 1,05,000. అంతా కలిపి సుమారు 2,30,000.

అదే ఆటగాడు కాలిఫోర్నియా జట్టులో, అక్కడే నివాసం ఉంటే? కోటి మీద 13 లక్షలు, బీమా కోత 1,10,000, మొత్తం 14,10,000. తేడా 11,80,000. "టెక్సస్‌లో సున్నా, కాలిఫోర్నియాలో 13.3" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు టెక్సస్ ఆటగాడు కట్టే ఆ రెండు లక్షల ముప్ఫై వేలని మర్చిపోతారు.

ఇక కాలిఫోర్నియా జట్టు ఈ తేడా పూడ్చాలంటే 11,80,000 ఎక్కువిస్తే సరిపోదు, ఆ ఎక్కువ మీదా పన్ను పడుతుంది. అక్కడ పై డాలరు మీద ఫెడరల్ (కేంద్ర) పన్ను 37, రాష్ట్రం 13.3, బీమా 1.1, మెడికేర్ అనే వృద్ధుల వైద్య బీమా 2.35, మొత్తం 53.75 శాతం పోతుంది. మిగిలేది 46.25 సెంట్లు. 11,80,000ని 0.4625తో భాగిస్తే 25 లక్షల 50 వేలు. అంటే టెక్సస్ కోటికి సాటిగా కాలిఫోర్నియా కోటీ ఇరవై అయిదున్నర లక్షలు ఇవ్వాలి. ఇంత వ్యత్యాసానికి 2018లో వచ్చిన ఫెడరల్ మార్పూ ఒక కారణం. రాష్ట్రానికి కట్టింది ఫెడరల్ ఆదాయంలోంచి తీసేసుకోవడానికి అప్పట్నుంచి 10,000 డాలర్ల పరిమితి పెట్టారు. 2025లో దాన్ని 40,000కి పెంచినా, ఈ స్థాయి ఆదాయాలకి మళ్ళీ 10,000కే దిగుతుంది.

జట్టు ఆ పాతిక లక్షలు ఇవ్వగలదా అన్నది లీగ్ మీద ఉంటుంది, అసలు విషయమంతా ఇక్కడే ఉందని మా అభిప్రాయం. బేస్‌బాల్‌లో జట్టు జీతాలకి గట్టి పరిమితి లేదు, డబ్బున్న జట్టు పూడ్చుకుంటుంది. లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ దేశంలోనే అత్యధిక రేటున్న రాష్ట్రంలో ఉండి 2020, 2024, 2025ల్లో టైటిల్ కొట్టారు. ఐస్ హాకీలో అలా కుదరదు. 2024-25లో ఒక్కో జట్టుకి 8.8 కోట్ల డాలర్లు గట్టి పరిమితి. ఒకరికి పన్ను పూడిస్తే ఆ మేరకు ఇంకొకరికి తగ్గుతుంది. 2020 నుంచి 2025 వరకు ఆరు స్టాన్లీ కప్పుల్లో అయిదు టాంపా బే, వేగాస్, ఫ్లోరిడా జట్లవే, మూడూ స్టేట్ టాక్స్ లేనిచోటివి. పక్కన కెనడాలో, జట్లున్న క్విబెక్, ఒంటారియో రాష్ట్రాల్లో గరిష్ఠ రేటు ఫెడరల్‌తో కలిపి 53 శాతం దాటుతుంది.

అలాగని అంతా పన్ను మీదకే తొయ్యకండి. ఇదే ఫ్లోరిడా పాంథర్స్ ఇదే సున్నా పన్నుతో 2001 నుంచి 2011 దాకా ఒక్కసారీ ప్లేఆఫ్స్ చేరలేదు. రెండు ఆఫర్లూ దాదాపు సమానంగా ఉన్నప్పుడే పన్ను తూకాన్ని మారుస్తుంది.

వాయిదా సొమ్ము గురించి కొంచెం. బేస్‌బాల్ ఆటగాడు షోహే ఒటానీ డాడ్జర్స్‌తో 2023 డిసెంబరులో 70 కోట్ల డాలర్లకి సంతకం చేసి, ఆడే పదేళ్ళూ ఏటా 20 లక్షలే తీసుకుని, మిగతా 68 కోట్లు 2034 నుంచి 2043 వరకు తీసుకునేలా రాసుకున్నాడు. 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, కనీసం పదేళ్ళపాటు దాదాపు సమాన వాయిదాల్లో వచ్చే ఇలాంటి సొమ్ము మీద, అందుకునేటప్పుడు నివాసమున్న రాష్ట్రానికే హక్కు. అప్పటికి అతను కాలిఫోర్నియా వదిలేస్తే ఆ రాష్ట్రానికి దక్కేది లేదు. వాయిదా పదేళ్ళకి తగ్గినా, వాయిదాలు ఎగుడుదిగుడుగా ఉన్నా ఈ రక్షణ పోతుందేమో విడిగా చూడాలి.

అమెరికా టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్‌కి ఈ లెక్క కట్టేటప్పుడు జట్టు పేరులో ఉన్న ఊరు చూడకండి. 2025లో మ్యాచ్‌లన్నీ మూడే మైదానాల్లో జరిగాయి: కాలిఫోర్నియాలో ఓక్లండ్, టెక్సస్‌లో గ్రాండ్ ప్రెయిరీ, ఫ్లోరిడాలో లాడర్‌హిల్. న్యూయార్క్ జట్టుకి ఆడినవాడైనా న్యూయార్క్‌లో మ్యాచ్ ఆడలేదు. షెడ్యూల్ తీసుకుని ఓక్లండ్‌లో మ్యాచ్, ప్రాక్టీసు రోజులు విడిగా రాయండి, క్యాంపు ఎక్కడ పెట్టారో కనుక్కోండి. ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టు మీద ఆడిన బయటివాడికి కాలిఫోర్నియా సొమ్ములో 7 శాతం ముందే పట్టుకోవచ్చు. అది అడ్వాన్సు లాంటిది, రిటర్న్ వేసి తేల్చుకోవాలి. పట్టుకున్నదే పన్ను అనుకుని రిటర్న్ మానేస్తే, ఎక్కువ పట్టుంటే ఆ తేడా వెనక్కి రాదు, తక్కువైతే వడ్డీతో నోటీసు వస్తుంది.