ప్లాటినం నానోకణాల ఉపరితలం నుంచి ఓలైల్‌అమైన్‌ను తొలగించే విధానం

తయారీ సమయంలో ప్లాటినం నానోకణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడే ఓలైల్‌అమైన్, వాటిని ఉత్ప్రేరకంగా వాడే వేళకు అడ్డుగా మారుతుంది. దాని నైట్రోజన్ కొస లోహాన్ని పట్టుకుని ఉంటే, 18 కార్బన్ల తోక చర్యలో పాల్గొనవలసిన అణువులను దగ్గరికి రానివ్వదు.

ముందుగా కణాలను హెక్సేన్‌లో కలిపి, ఇథనాల్ చేర్చి, సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు దించి పై ద్రవాన్ని తీసివేయాలి. రెండు మూడు సార్లు చాలు. అతిగా కడిగితే కణాలు ముద్దకట్టి మళ్లీ ద్రావణంలో విడివడవు. అందుకే అసలు శుద్ధిని కణాలను కార్బన్ పొడిపై నిలిపిన తరువాతే మొదలుపెట్టడం మేలు.

ఆ పొడిని సిరామిక్ పాత్రలో పలుచగా పరచి, ఫర్నేస్‌లో గాలి తగిలేటట్లు సుమారు 185 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 గంటలు ఉంచాలి. త్వరగా ముగుస్తుందని ఉష్ణోగ్రతను బాగా పెంచితే కణాలు కలిసిపోయి పెద్దవవుతాయి. పైగా ప్లాటినమే ఉత్ప్రేరకమై తనను మోస్తున్న కార్బన్‌ను మండిస్తుంది. గాలికి బదులు నైట్రోజన్‌లో వేడిచేయడం భద్రంగా కనిపించినా, ఓలైల్‌అమైన్ పూర్తిగా కాలక కార్బన్ పొరగా మిగిలే ప్రమాదముంది, ఆ పొర మొదటి మలినం కంటే మొండిది. వేడి అసలు పనికిరాని చోట, పొడిని ఎసిటిక్ ఆమ్లంలో 70 డిగ్రీల వద్ద కొన్ని గంటలు కలియబెట్టి, ఇథనాల్‌తో కడగవచ్చు. ఆమ్లం ఇచ్చే ప్రోటాన్‌ను అందుకున్న అమైన్ లోహంపై పట్టు సడలిస్తుంది.

ఒక హెచ్చరిక: శుద్ధి చేసిన పొడి మీద నేరుగా ఆల్కహాల్ పోయరాదు, గాలిలో అది నిప్పంటుకోగలదు. మొదట నీటితో తడపాలి.

ఉపరితలం శుభ్రపడిందా అన్నది కంటికి తెలియదు. నైట్రోజన్ పంపిన 0.1 మోలార్ పెర్క్లోరిక్ ఆమ్లంలో, రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో (వోల్టేజిని కొలవడానికి ఆధారంగా తీసుకునే ఎలక్ట్రోడ్) పోల్చి 0.05 నుంచి 1.2 వోల్టుల మధ్య సైక్లిక్ వోల్టామెట్రీని (వోల్టేజిని పైకీ కిందికీ మారుస్తూ విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే పద్ధతి) వక్రం మారకుండా స్థిరపడే వరకు నడపాలి. మిగిలిన కొద్దిపాటి మలినం కూడా ఇక్కడ కొంత పోతుంది. తరువాత ప్లాటినం ఉపరితలానికి అంటుకున్న హైడ్రోజన్ విడివడటానికి పట్టిన ఆవేశాన్ని చదరపు సెంటీమీటరుకు 210 మైక్రోకులంబులతో భాగిస్తే చురుకైన వైశాల్యం వస్తుంది, దాన్ని ప్లాటినం బరువుతో భాగిస్తే గ్రాముకు ఎంతో తెలుస్తుంది. 3 నానోమీటర్ల గోళాకార కణాలకు లెక్క ప్రకారం గ్రాముకు దాదాపు 93 చదరపు మీటర్లుండాలి. కార్బన్‌కు ఆనుకున్న భాగం పోగా కొంత తగ్గడం సహజమే కానీ, 30 వద్దే ఆగిపోతే మళ్లీ వేడిచేయడానికి తొందరపడకుండా, ముందు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కణాలు పెరిగాయేమో చూడాలి.